యంత్రాలకు దుబాసీ: ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా జీవితం

బందరు పట్టణంలో వలందపాలెం అనే పేట ఉన్నది. 17వ శతాబ్ది ఆరంభంలో గోల్కొండ సుల్తానుల అనుమతితో ఇక్కడ వర్తకశాల నెలకొల్పుకొన్న హాలండు దేశీయులను మన పూర్వులు వలందులని వ్యవహరించేవారు. ఆ పేట పేరులోనూ, పట్టణంలోని వారి సమాధుల మీది శిలాక్షరాలలోనూ ఆనాటి స్మృతి నేటికీ మిగిలి ఉన్నది. వలందు వర్తకులకు తెలుగు రాదు. మన నేతగాండ్రకు, అద్దకపువారికి వలందుల భాష రాదు. ఉభయుల నడుమ నిలిచి ఒకరి మాటను మరొకరికి తెలియజెప్పేవాడు దుబాసీ. రెండు భాషలు తెలిసినవాడని ఆ మాటకు అర్థం. దుబాసీ తప్పుగా చెబితే బేరం చెడుతుంది. ఆలస్యంగా చెబితే ఓడ వెళ్ళిపోతుంది.

ఈనాటి కంప్యూటరు లోపల కూడా ఇటువంటి దుబాసీలు ఉన్నారు. గణించే యంత్రం ఒక్కటే; దానికి వెలుపలి ప్రపంచంతో సంబంధం కల్పించే పరికరాలు అనేకం. అక్షరాలు అచ్చువేసేవి కొన్ని, లిఖితాన్ని చదివేవి కొన్ని, దూరాన ఉన్న యంత్రాల నుండి తీగల మీదుగా వార్తలు తెచ్చేవి కొన్ని. ఒక్కొక్క పరికరానిది ఒక్కొక్క పద్ధతి, ఒక్కొక్క వేగం. ఆ పరికరం తీరుతెన్నులు ఎరిగి, దాని మాటను యంత్రాన్ని పాలించే ఆపరేటింగ్ సిస్టంకు వినిపించే ప్రోగ్రాంకు డ్రైవరు అని పేరు. ఈ దుబాసీ విద్యకు శాస్త్రగౌరవం సంపాదించిపెట్టిన తొలితరం పండితులలో అగ్రగణ్యుడు ఆ హాలండు దేశంలోనే జన్మించిన ఎడ్స్‌గర్ వైబె డైక్‌స్ట్రా.

ఆయన ఇంటిపేరు మన దివిసీమవాసులకు సులభంగా అర్థమవుతుంది. వారి భాషలో డైక్ అంటే కరకట్ట. స్ట్రా అనేది ఆ దేశపు ఉత్తర ప్రాంతమైన ఫ్రీస్‌లాండులో నివాసాన్ని సూచించే ప్రత్యయం. కనుక డైక్‌స్ట్రా అంటే కరకట్ట చెంత నివసించేవాడని భావం. హాలండు కూడా మన సీమవలెనే నదులు సముద్రంలో కలిసే డెల్టా భూమి. అందులో చాల భాగం సముద్ర మట్టానికి దిగువన ఉండి, కట్టల రక్షణలో బ్రతుకుతున్నది. కట్ట మీది నమ్మకం ప్రాణం మీది నమ్మకమని ఎరిగిన జాతి అది.

ఎడ్స్‌గర్ 1930 మే 11వ తేదీన రాటర్‌డాం రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి రసాయన శాస్త్రవేత్త, ఉపాధ్యాయుడు. తల్లి గణితంలో గొప్ప ప్రజ్ఞ గలది. ఉద్యోగం ఏదీ చేయకపోయినా, చిక్కు లెక్కకు చక్కని పరిష్కారం కనుగొనడంలో ఆమెకు ఆమే సాటి. వ్యర్థ పదం లేని, అందమైన వాదంపై ఆయనకు జీవితాంతం నిలిచిన మక్కువకు బీజం ఆమె వద్దనే పడింది. పదేళ్ళ ప్రాయంలో, 1940 మే 14న, జర్మను విమానాల బాంబు దాడిలో రాటర్‌డాం నడిబొడ్డు భస్మమయింది. యుద్ధం ముగిసిన తరువాత ఆ బాలుడు న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్యసమితిలో తన దేశానికి ప్రతినిధి కావాలని తలచాడు. కాని విజ్ఞానశాస్త్రాలలో ఆయనకు వచ్చిన ఉత్తమమైన మార్కులు చూచి పెద్దలు ఆ దారికి మళ్ళించారు. 1948లో లైడెన్ విశ్వవిద్యాలయంలో గణిత, భౌతిక శాస్త్రాల అధ్యయనానికి చేరాడు.

1951లో ఆయన జీవితం మలుపు తిరిగింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎడ్‌సాక్ అనే కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయడం నేర్పే మూడు వారాల తరగతులు జరుగుతాయన్న ప్రకటన తండ్రి కంటబడింది. ఆ తరగతులకు వెళ్ళి వచ్చిన యువకుని ప్రతిభను గుర్తించి, ఆమ్‌స్టర్‌డాంలోని గణిత కేంద్రంలో ఆచార్య వాన్ వైన్‌గార్డెన్ ఆయనకు ఉద్యోగమిచ్చాడు. 1952 మార్చి నుండి ఆయన అక్కడ ప్రోగ్రాములు వ్రాసేవాడుగా పని ప్రారంభించాడు. ఆ దేశంలో ఆ ఉద్యోగం చేసిన మొదటి వ్యక్తి ఆయనే.

మరుసటి సంవత్సరమే ఆ డెల్టా దేశాన్ని ఘోర విపత్తు ముంచెత్తింది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి, కరకట్టలు తెగి, తెల్లవారేసరికి ఊళ్ళకు ఊళ్ళు నీటి పాలయ్యాయి. హాలండులో 1,836 మంది మరణించారు. అనంతరం కట్టలను ఎంత ఎత్తున నిర్మించాలో నిర్ణయించే గణనలో ఆ గణిత కేంద్రపు పండితులు పాల్గొన్నారు. ఆ గణనలో డైక్‌స్ట్రా పాలుపంచుకొన్నాడని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. కట్ట తెగిన తరువాత కట్టను పరీక్షించి ప్రయోజనం లేదని దేశమంతా గ్రహించిన రోజులలో ఆయన అక్కడ తన విద్యను అభ్యసిస్తున్నాడన్నది మాత్రం గమనించదగినది.

ఆ రోజులలో ప్రోగ్రాం వ్రాయడం ఒక విద్యగా ఎవరూ పరిగణించలేదు. భౌతిక శాస్త్రవేత్త కావడమా, ఈ పేరులేని పనిలో ఉండిపోవడమా అని ఆయన చాలకాలం సందేహించాడు. చివరకు తన సంశయాన్ని వాన్ వైన్‌గార్డెన్ ముందు ఉంచాడు. కంప్యూటర్లు శాశ్వతంగా నిలువనున్నవనీ, ఆ పనిని గౌరవనీయమైన శాస్త్రంగా తీర్చిదిద్దేవారిలో అతడే ఒకడు కారాదా అనీ ఆ పెద్దాయన సూచించాడు. ఆ సంభాషణతో డైక్‌స్ట్రా మార్గం నిశ్చయమయింది. అయితే లోకం ఆ వృత్తిని అంగీకరించడానికి ఇంకా సమయం పట్టింది. 1957లో మరియా డెబెట్స్ అనే సహోద్యోగినిని వివాహమాడినప్పుడు, వృత్తి అన్నచోట ప్రోగ్రామరు అని వ్రాయించబోతే, అటువంటి వృత్తి లేదని పట్టణాధికారులు నిరాకరించారు. సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త అని నమోదు చేయించవలసి వచ్చింది.

1956లో ఆ కేంద్రంలో ఆర్‌మాక్ అనే కొత్త యంత్రాన్ని ప్రదర్శించవలసి ఉన్నది. సామాన్యులకు కూడా అర్థమయ్యే సమస్య ఒకటి కావాలి. ఒక ఊరి నుండి మరొక ఊరికి అతి దగ్గర దారి ఏదన్న ప్రశ్నను డైక్‌స్ట్రా ఎన్నుకొన్నాడు. కాబోయే భార్యతో కలిసి ఒక కాఫీశాల ముంగిట కూర్చున్నప్పుడు, కాగితం, కలం లేకుండా, దాదాపు 20 నిమిషాలలో ఆయన మనసులో పరిష్కారం రూపుకట్టింది. అవనిగడ్డ నుండి గుడివాడకు చల్లపల్లి, పామర్రు మీదుగా వెళ్ళవచ్చు. బందరు మీదుగా కూడా వెళ్ళవచ్చు. దారులన్నిటినీ కొలిచి చూడనక్కరలేదు. బయలుదేరిన చోటికి అన్నిటికంటె దగ్గరగా ఉన్న ఊరిని ముందు నిర్ణయించి, దాని మీదుగా వెళితే తక్కిన ఊళ్ళు ఎంత దగ్గరవుతాయో సరిచూచుకొని, మిగిలినవాటిలో దగ్గరి ఊరిని మరల నిర్ణయిస్తూ పోవాలి. గమ్యం చేరేసరికి అతి దగ్గర దారి తనంతట తానే తేలుతుంది. 64 ఊళ్ళ పటంతో ఆ ప్రదర్శన జరిగింది. 1959లో మూడు పుటల వ్యాసంగా వెలువడిన ఈ అల్గారిథం నేడు కంప్యూటరు శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ పాఠ్యాంశం. అల్గారిథం అన్న మాటే 9వ శతాబ్దిలో బాగ్దాదులో గణిత గ్రంథాలు రచించిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టినదని మన విద్యార్థులు ఎరిగి ఉండాలి.

దుబాసీ విద్యలో ఆయనకు అసలు పరీక్ష ఎక్స్ 1 అనే యంత్రంతో ఎదురయింది. ఆనాటి యంత్రం సెకనుకు వేలకొలది కూడికలు చేయగలదు. దానికి తగిలించిన టైపు యంత్రం మాత్రం అక్షరం తరువాత అక్షరం మెల్లగా కొడుతుంది. ఒక్క అక్షరం అచ్చయ్యే వరకు గణన యంత్రం ఊరక నిలిచి ఉండవలసి వచ్చేది. ఈ వృథాను నివారించడానికి యంత్రాన్ని రూపొందిస్తున్న లోప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే ఇంజనీర్లు ఇంటరప్ట్ అనే ఏర్పాటును ప్రతిపాదించారు. యంత్రం తన లెక్క తాను చేసుకొంటూ ఉంటుంది. పరికరానికి పని పూర్తికాగానే అది తలుపు తట్టినట్లు సంకేతం పంపుతుంది. యంత్రం చేతిలోని పని ఆపి, పరికరానికి కావలసినది అందించి, తిరిగి తన లెక్కకు వస్తుంది. అప్పటికి ఆ ఏర్పాటు గల యంత్రాలు ప్రపంచంలో బహు తక్కువ.

ఇంజనీర్లకు ఇది ఆనందకరంగా తోచింది. డైక్‌స్ట్రా మాత్రం భయపడ్డాడు. ఆ భయానికి కారణం తెలుసుకొంటే ఆయన జీవితమంతా మనకు బోధపడుతుంది. పద్దులు కూడుతున్న గుమాస్తాను ఎవరో పిలిచారనుకొందాం. ఏ వరుసలో ఉన్నాడో, అప్పటికి మొత్తం ఎంత వచ్చిందో గుర్తు పెట్టుకోకుండా లేస్తే తిరిగి వచ్చిన తరువాత లెక్క తప్పుతుంది. అయితే ఆ తప్పు పిలుపు వచ్చిన క్షణాన్ని బట్టి ఉంటుంది. మరునాడు అదే లెక్క మరల వేస్తే సరిగానే వస్తుంది, ఎందుకంటే పిలుపు ఆ క్షణాన రాలేదు. ఇటువంటి దోషాన్ని పట్టుకోవడం ఎట్లా? అంతవరకు ప్రోగ్రాం తప్పయితే ప్రతిసారీ ఒకే విధంగా తప్పయ్యేది, కనుక పరీక్షించి సరిదిద్దుకోవచ్చును. ఇకమీదట వెలుపలి ప్రపంచం ఏ క్షణాన తలుపు తట్టినా యంత్రం తట్టుకొని నిలువాలి. సాధ్యమైన క్షణాలన్నిటినీ పరీక్షించడానికి మనిషి ఆయుర్దాయం చాలదు.

దాదాపు మూడు నెలలపాటు ఆయన ఆ ఏర్పాటుకు అంగీకరించలేదు. చివరకు సహచరులు ఆయన సామర్థ్యాన్ని పొగిడి, ఒప్పించి, ఆ భారాన్ని ఆయన భుజాల మీదనే పెట్టారు. అంగీకరించిన తరువాత ఆయన ఎన్నుకొన్న పద్ధతి విశిష్టమైనది. పరీక్షలో దోషం బయటపడుతుందని ఆశపడి కూర్చోలేదు. పిలుపు ఏ క్షణాన వచ్చినా చేతిలోని పని చెక్కుచెదరకుండా తిరిగి దొరుకుతుందని ముందే తర్కబద్ధంగా నిరూపించుకొని, ఆ నిరూపణకు సరిపోయేటట్లు ప్రోగ్రాం వ్రాశాడు. టైపు యంత్రం, కాగితపు పట్టీని చదివే పరికరం, పట్టీకి చిల్లులు పొడిచే పరికరం, వీటన్నిటితో మాట్లాడే ఆ ప్రోగ్రాములను యంత్రంలోని చెరిపివేయ వీలులేని స్థిర స్మృతిలో నిక్షేపించారు. అనగా తరువాత దిద్దుకొనే అవకాశం లేదు. నేటి భాషలో చెప్పాలంటే అవి డ్రైవర్లే. ఆ కృషినే వివరిస్తూ వ్రాసిన సిద్ధాంత వ్యాసానికి 1959లో ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ప్రదానం చేసింది. మరుసటి సంవత్సరం జోన్నెవెల్డ్ అనే మిత్రునితో కలిసి ఆల్గాల్ 60 భాషకు ప్రపంచంలోని తొలి కంపైలర్లలో ఒకదానిని ఆ యంత్రం మీదనే నిర్మించాడు.

1962లో ఆయన ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడయ్యాడు. అక్కడ కొద్దిమంది సహచరులతో ఎక్స్ 8 అనే యంత్రానికి ఒక ఆపరేటింగ్ సిస్టం నిర్మించాడు. ఏకకాలంలో పలు ప్రోగ్రాములు నడుస్తున్నప్పుడు రెండింటికీ ఒకే పరికరం కావలసివస్తే వచ్చే తగాదాను తీర్చడానికి ఆయన కనుగొన్న సాధనం సెమాఫోర్. ఆ పేరు రైలు సిగ్నలు నుండి తీసికొన్నది. ఒంటి దారి గల రైలు మార్గంలో రెండు బండ్లు ఎదురుపడకుండా, స్టేషను మాస్టరు ఇచ్చిన టోకెను చేతిలో ఉంటేనే డ్రైవరు బండి కదిలించడం మన పెద్దలు చూచినదే. టోకెను లేనివాడు ఆగవలసినదే. ఉన్నవాడు అవతలి స్టేషనులో దానిని అప్పగించవలసినదే. ఇంతటి సరళమైన నియమంతో ఎంతటి చిక్కు తొలగుతుందో ఆయన చూపించాడు. అందరూ టోకెనుల కోసం ఒకరినొకరు కాచుకొని ఎవరూ కదలలేని స్థితిని కూడా ఆయనే విశ్లేషించాడు. ఒక బల్ల చుట్టూ కూర్చున్న ఐదుగురు తత్త్వవేత్తలు, వారి నడుమ ఐదే ఫోర్కులు, ఒక్కొక్కరికి తినడానికి రెండు కావాలన్న ప్రసిద్ధ సమస్య 1965లో ఆయన విద్యార్థులకు ఇచ్చిన పరీక్ష ప్రశ్న నుండి పుట్టినదే.

1968లో ప్రకటించిన ఆ ఆపరేటింగ్ సిస్టం అంతస్తులుగా నిర్మితమయింది. అన్నిటికంటె అడుగున ఇంటరప్టులను అందుకొని, ఏ పనికి ఎప్పుడు యంత్రం దక్కాలో నిర్ణయించే అంతస్తు. దాని పైన స్మృతిని నిర్వహించేది. దాని పైన యంత్ర నిర్వాహకునితో సంభాషించేది. ఆపైన పరికరాల రాకపోకలను చూచేది. ఆ తరువాతనే ప్రజల ప్రోగ్రాములు. క్రింది అంతస్తు దృఢమైనదని తేల్చుకొన్న తరువాతనే పై అంతస్తు కట్టేవారు. పునాది పరీక్షించకుండా మేడ కట్టరాదన్న ఇంటి తాపీమేస్త్రి నీతినే ఆయన యంత్రశాస్త్రానికి అన్వయించాడు.

1972లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించింది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన దబ్బాల రాజగోపాల రెడ్డి 1994లో ఈ పురస్కారాన్నే పొంది మన జాతికి కీర్తి తెచ్చాడు.

యంత్రాలు ఒకదానితో ఒకటి తీగల ద్వారా కలిసి వలయాలుగా ఏర్పడిన తరువాత డైక్‌స్ట్రా కృషి విలువ ఇనుమడించింది. ఊళ్ళ మధ్య దగ్గర దారి కోసం పుట్టిన అల్గారిథం 1980 నాటికే అమెరికాలోని అర్పానెట్ వలయంలో సందేశాలకు దారి చూపింది. 1989 నుండి ఇంటర్నెట్టు దారి నిర్ణయ పద్ధతులలో ప్రముఖ స్థానం వహిస్తున్నది. వలయంలో ఏ యంత్రం ఏ స్థితిలో చెడినా, పై పెత్తనం లేకుండానే వ్యవస్థ తనంతట తాను సరియైన స్థితికి రాగల మార్గాన్ని 1974లో ఆయన ప్రతిపాదించాడు. ఆనాడు దానిని గుర్తించినవారు స్వల్పం.

ప్రస్తుతం కర్మాగారాలలో, విద్యుత్ కేంద్రాలలో, వాహనాలలో నియత కాల వలయాలు ప్రవేశిస్తున్నవి. వాటిలోని యంత్రాల గడియారాలన్నీ సెకనులో పదిలక్షవ వంతుకు మించి తేడా లేకుండా నడవాలి. ప్రతి సందేశమూ రైలు పట్టికలోని బండివలె తనకు కేటాయించిన ఘడియలోనే గమ్యం చేరాలి. అటువంటి కొత్త పరికరం తయారైన ప్రతిసారీ దానికి డ్రైవరు వ్రాసే ఇంజనీరు ముందు నిలిచేది 1957 ప్రాంతంలో డైక్‌స్ట్రాను భయపెట్టిన ప్రశ్నయే. సందేశం ఏ క్షణాన తలుపు తట్టినా చేతిలోని పని చెడకూడదు, జవాబు ఆలస్యం కాకూడదు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో నియత కాల వ్యవహారానికి కావలసిన ఏర్పాట్లు దాదాపు 20 సంవత్సరాల శ్రమ తరువాత, 2024లో మాత్రమే ప్రధాన ప్రతిలో పూర్తిగా చేరాయంటే ఈ పని ఎంత కఠినమో ఊహించవచ్చు.

అజాగ్రత్త ఫలితానికి ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. 1997 జూలైలో అంగారక గ్రహం మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటరు ఉన్నట్లుండి పని మాని మరల మొదటి నుండి ప్రారంభం కాసాగింది. అతి ముఖ్యమైన పనికి కావలసిన తాళంచెవి అల్పమైన పని చేతిలో చిక్కుకొన్నది. నడుమ మరొక పని వచ్చి ఆ అల్పమైన పనిని కదలనీయలేదు. భూమి మీద పరీక్షలలో ఈ లక్షణం అరుదుగా కనిపించినా దానిని ముఖ్యమైనదిగా ఎంచలేదు. చివరకు ఇంజనీర్లు కారణం కనుగొని, ఇక్కడ నుండే సవరణ పంపి నౌకను కాపాడారు.

డైక్‌స్ట్రా స్వభావం కొంత కఠినమైనది. పరీక్షించడం వల్ల దోషం ఉన్నదని తెలుస్తుందే గాని, లేదని తేలదన్నది ఆయన సిద్ధాంతం. దానిని అంగీకరించని వారిని పరుషంగా విమర్శించేవాడు. అందువల్ల ఆయనకు అభిమానులెందరో విరోధులూ అందరు. నిరూపణ ఎంత గొప్పదయినా పరీక్ష కూడా అవసరమేనని చెప్పినవారి మాటలో సత్యం లేకపోలేదు. అయినా తన విషయంలోనూ ఆయన అదే కాఠిన్యం పాటించాడు. కంప్యూటర్ల ఆచార్యుడై ఉండి కూడా ఫౌంటెన్ పెన్నుతో అందమైన దస్తూరీతో వ్రాసేవాడు. 1,300కు పైగా వ్యాసాలను వరుస సంఖ్యలు వేసి, నకళ్ళు తీయించి మిత్రులకు పంపేవాడు. అవి చేతులు మారుతూ లోకమంతా వ్యాపించాయి. 1984లో అమెరికా వెళ్ళి ఆస్టిన్ నగరంలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1999లో విరమించాడు. వ్యాధిగ్రస్తుడై స్వదేశానికి తిరిగి వచ్చి, 2002 ఆగస్టు 6వ తేదీన నూనెన్ గ్రామంలోని స్వగృహంలో కాలధర్మం చెందాడు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి దాదాపు 10,000 ప్రాణాలను హరించింది. ఆనాడు తీర గ్రామాలకు సకాలంలో వార్త చేరే సాధనాలు అత్యల్పం. తరువాత మచిలీపట్నంలో వాతావరణ రాడారు వెలసింది, ఉపగ్రహాలు వచ్చాయి, నేడు హెచ్చరిక ప్రతి చేతిలోని ఫోనుకు చేరుతున్నది. రాడారు చూచినది కంప్యూటరుకు, కంప్యూటరు తేల్చినది వలయానికి, వలయం మోసినది ఫోనుకు చేరే దారిలో అడుగడుగునా ఒక డ్రైవరు ఉన్నది. దానిని ఎవరు వ్రాశారో నాగాయలంక జాలరికి తెలియదు, తెలియనక్కర లేదు. కాని వ్రాసినవారు జాగ్రత్తగా వ్రాశారన్న నమ్మకం మీదనే అతడు పడవను వేళకు ఒడ్డుకు మళ్ళిస్తున్నాడు.

ఈ సీమ నుండి ఇంజనీరింగు విద్యకు వెళ్ళే యువతీ యువకులలో కొందరైనా ఈ దుబాసీ వృత్తిని స్వీకరిస్తారు. అది పేరు ప్రతిష్ఠలు తెచ్చే పని కాదు. సరిగా చేసినంతకాలం ఎవరి కంటా పడదు. కరకట్ట కూడా అటువంటిదే. తెగిన నాడే అది లోకానికి గుర్తు వస్తుంది. తెగకుండా నిలిచే విధంగా ముందే ఆలోచించి కట్టడం విద్యావంతుని ధర్మమని కరకట్ట పేరే ఇంటిపేరుగా గల ఆ మహనీయుడు తన జీవితంతో నిరూపించాడు. ఆయన గ్రంథాలను, వ్యాసాలను మన విద్యార్థులు శ్రద్ధతో అధ్యయనం చేయుదురు గాక.